ఓడ మీద అప్రైజల్

2007 మేలో సీబీఎస్ ఛానెల్లో "పైరేట్ మాస్టర్" అని ఓ రియాలిటీ షో వచ్చింది. "సర్వైవర్" తీసిన మార్క్ బర్నెట్‌దే. డొమినికా దీవి దగ్గర నిజం తెరచాప ఓడ, దాని మీద 16 మంది, నిధి వేట. జనం చూళ్ళేదు, జూలైకల్లా ఎత్తేశారు. పోతే పోయింది గానీ ఒక్కటి మాత్రం నాకు కొరుకుడు పడలేదు. దొరికిన బంగారంలో సింహభాగం కెప్టెన్‌కేనట!

అసలు దొంగలు ఇలా పంచుకోలేదండీ. బార్తొలొమ్యూ రాబర్ట్స్ ఓడ నియమాలు 1724లో లండన్‌లో అచ్చయిన పైరేట్ల చరిత్రలో ఉన్నాయి. కెప్టెన్‌కీ, క్వార్టర్‌మాస్టర్‌కీ చెరి రెండు వాటాలు, మామూలు నావికుడికి ఒకటి. అంతే తేడా! మన సీయీవోకీ, ఫ్రెషర్‌కీ మధ్య ఎన్ని సున్నాలో మీరే లెక్కేసుకోండి. ముఖ్యమైన విషయాల్లో ప్రతివాడికీ ఓటు. కాలో చెయ్యో పోతే ఉమ్మడి సొమ్ములోంచి 800 డాలర్లు. వర్తక ఓడల్లో కెప్టెన్ల కొరడా దెబ్బలూ, జీతాల కోతలూ రుచి చూసినవాళ్ళు మరి. రాబర్ట్స్ కూడా 1719లో ఓ బానిస వ్యాపారపు ఓడలో మేటుగా ఉంటూ పైరేట్లకి చిక్కినవాడే.

అలాగని పుణ్యపురుషులనుకునేరు. 1722 జనవరిలో పశ్చిమాఫ్రికాలోని వీదా రేవులో, అడిగిన సొమ్ము ఇవ్వలేదని ఓ బానిస ఓడని వీళ్ళు తగలబెట్టారు. లోపల గొలుసులతో 80 మంది ఉన్నారు. వాటాల లెక్కలోకి వాళ్ళు రాలేదు.

మరుసటి నెలలోనే బ్రిటిష్ నౌకాదళం చేతిలో రాబర్ట్స్ చచ్చాడు. అతని మనుషుల్లో 52 మందిని కేప్ కోస్ట్ కోట దగ్గర ఉరి తీశారు. ఆ ఓడల్లో పట్టుబడ్డ నల్లవాళ్ళకి విచారణ కూడా లేదు, మళ్ళీ బానిసత్వంలోకే పంపేశారు.