బిడ్డ నేర్చింది మర్చిపోతోందా? మెదడు పొరలను దెబ్బతీసే వారసత్వ జబ్బులివి.. మేనరికం కుటుంబాలు తప్పక తెలుసుకోవాలి

నర్సంపేట: కూర్చోవడం నేర్చిన బిడ్డ మళ్లీ కూర్చోలేకపోతోందా? మెడ నిలపట్లేదా? పొట్ట ఉబ్బుతోందా? దిష్టి తగిలిందనో, లేటుగా వస్తుందిలే అనో వదిలేయొద్దు. దీని వెనుక అరుదైన లిపిడ్ స్టోరేజ్ వ్యాధి ఉండొచ్చు.

అసలేం జరుగుతుంది?
ఒంట్లోని కణాల్లో లైసోజోములనే చిన్న సంచులుంటాయి. పాత కొవ్వును కరిగించే పని వీటిదే. అందుకు కావాల్సిన ఎంజైమ్ పుట్టుకతోనే లోపిస్తే కొవ్వు కణాల్లోనే పేరుకుపోతుంది. గౌచర్ వ్యాధిలో లివర్, ప్లీహం ఉబ్బుతాయి. టే-సాక్స్‌లో మెదడు కణాలే దెబ్బతింటాయి.

మెదడు పొరలకు ముప్పు
మెదడును మూడు పొరలు కప్పి ఉంచుతాయి. నీమన్-పిక్ ‘ఏ’ రకంలో కొవ్వు నిండిన కణాలు ఈ పొరల్లోనూ చేరతాయి. క్రాబే వ్యాధిలో నరాల మీదుండే మైలిన్ తొడుగు పాడవుతుంది. కరెంటు వైరుకు పైతొడుగు ఊడినట్టే! ఇదే కోవకు చెందిన ఎంపీఎస్ జబ్బుల్లో కొవ్వుకు బదులు చక్కెర పదార్థాలు పేరుకుంటాయి. కొందరిలో మెదడు పొరలు మందమై, తలలో నీరు చేరుతుంది.

మందు ఉందా?
గౌచర్‌కు 1991 నుంచి ఎంజైమ్ మందు ఉంది. రెండు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కిస్తారు. లివర్, ప్లీహం వాపు తగ్గుతుంది. కానీ మెదడు రక్తనాళాల గోడలు ఈ మందును లోపలికి వెళ్లనివ్వవు. అందుకే మెదడుకు పాకిన రకాల్లో దీంతో పెద్దగా ఫలితం ఉండదు. టే-సాక్స్‌ను నయం చేసే మందు ఇప్పటికీ లేదు.

మేనరికంతో లింకేంటి?
ఈ జబ్బుల్లో చాలావాటికి తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు రావాలి. పెద్దలిద్దరూ ఆరోగ్యంగానే కనిపిస్తారు. కానీ ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. దగ్గరి సంబంధాల్లో ఇద్దరికీ ఒకే లోపం ఉండే ఛాన్స్ ఎక్కువ.

ఎక్కడికి వెళ్లాలి?
ముందు పిల్లల డాక్టర్‌కు చూపించాలి. అనుమానం ఉంటే హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగానికి వెళ్లాలి. రక్త పరీక్షతో ఎంజైమ్ లోపం తెలుస్తుంది. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తించిన కేంద్రాల్లో నిమ్స్ ఒకటి. అర్హులకు చికిత్స కోసం రూ.50 లక్షల వరకు సాయం అందుతుంది. ఇంట్లో ఒక బిడ్డకు జబ్బు తేలితే, మళ్లీ గర్భం దాల్చకముందే జెనెటిక్ కౌన్సెలింగ్ తీసుకోవాలి. కడుపులో బిడ్డకు జబ్బు ఉందో లేదో కూడా టెస్టుతో తెలుసుకోవచ్చు.

గమనిక: ఈ కథనం అవగాహన కోసమే. చికిత్స విషయంలో డాక్టర్ సలహానే పాటించాలి.