ఊబకాయానికి కోత తగ్గిన చికిత్సలు: చరిత్ర

తీవ్రమైన ఊబకాయం ఉన్నవారికి పొట్టను నిలువునా కోయకుండా, సన్నని రంధ్రాల గుండా గానీ నోటి ద్వారా గానీ జీర్ణాశయాన్ని చిన్నది చేసే పద్ధతులివి. పల్నాడు జిల్లా నుంచి, అంటే నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు నుంచి, ఇలాంటి ఆపరేషన్ కోసం గుంటూరు, విజయవాడ, హైదరాబాదు వంటి నగరాలకు వెళ్తుంటారు. వీటి చరిత్రలో హైదరాబాదుకు చికిత్సా కేంద్రంగానే కాక మరో రకంగానూ చోటుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో సుమారు 36 శాతం మంది ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. వీరిలో ఆపరేషన్ దాకా వెళ్లాల్సినవారు కొద్దిమందే.

బరువు కోసం ఆపరేషన్ అనే ఆలోచన 1950లలో మొదలైంది. అప్పట్లో చిన్నపేగులో చాలా భాగాన్ని దాటవేసి కలిపేవారు. బరువు తగ్గేది, కానీ విరేచనాలు, కాలేయం దెబ్బతినడం వెంటాడేవి. 1966లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ జీర్ణాశయ బైపాస్‌కు శ్రీకారం చుట్టారు. అయినా పెద్ద కోత తప్పలేదు. లావుగా ఉన్నవారికి ఆ గాయం తొందరగా మానదు, చీము పడుతుంది, తర్వాత కుట్ల దగ్గర హెర్నియా వస్తుంది.

దారి చూపింది పిత్తాశయం. 1985లో జర్మనీ సర్జన్ ఎరిక్ మ్యూహె లాప్రోస్కోపీతో, అంటే సన్నని రంధ్రాల గుండా, దాన్ని తొలగించారు. 1990లో ముంబయిలో తెహెంతన్ ఉద్వాడియా ఆ పద్ధతిని మన దేశానికి తెచ్చారు. 1993లో బెల్జియంలో మిత్కు బెలాచ్యూ లాప్రోస్కోపీతోనే జీర్ణాశయం పైభాగాన బిగువు మార్చుకోగల బ్యాండ్ అమర్చారు. మరుసటి ఏడాది అమెరికాలో విట్‌గ్రోవ్, క్లార్క్ ఇదే దారిలో చేసిన బైపాస్ వివరాలు ప్రచురించారు. మందపాటి కొవ్వు పొరల్లోంచి పరికరాలు నడపడం కష్టమే. కానీ చిన్న గాయం వల్ల అందరికన్నా మేలు పొందేది ఈ రోగులే.

బ్యాండ్ మోజు ఎక్కువ కాలం నిలవలేదు. అది జారిపోవడం, గోడను ఒరుసుకుని లోపలికి దిగడం వంటి ఇబ్బందులతో వెనకబడింది. దాని స్థానంలోకి స్లీవ్ వచ్చింది. నిజానికి స్లీవ్ ఒక పెద్ద ఆపరేషన్‌లో మొదటి అంచె మాత్రమే. అతి బరువున్నవారు ఒకేసారి మొత్తం తట్టుకోలేరని ముందు ఇది చేసి ఆగేవారు. కొందరికి ఆ ఒక్క అంచెతోనే కావలసినంత బరువు తగ్గడంతో అదే సొంత చికిత్సగా నిలబడింది. నోటి నుంచి ఒక గొట్టాన్ని కొలతగా దించి, దాని పక్కనే స్టేప్లర్‌తో కుట్టుకుంటూ పోయి, జీర్ణాశయంలో సుమారు ముప్పాతిక భాగాన్ని కోసి ఒక రంధ్రం గుండా బయటికి లాగేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. తీసింది మళ్లీ పెట్టలేరు. ఒప్పుకునే ముందు రోగి ఇంటివాళ్లకు ఈ మాట స్పష్టంగా తెలియాలి.

కోతే లేని పద్ధతులూ పడుతూ లేస్తూ వచ్చాయి. జీర్ణాశయంలో ఉంచేందుకు 1985లో అమెరికా అనుమతి పొందిన గాలి బుడగ పుండ్లు, పేగు అడ్డంకుల కారణంగా కొన్నేళ్లకే మూలపడింది. తర్వాత సెలైన్ నింపే సిలికాన్ బెలూన్లు వచ్చాయి. సాధారణంగా వాటిని ఆరు నెలలకు తీసేస్తారు.

2004లో హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు జి.వి. రావు, డి. నాగేశ్వర్ రెడ్డి నోటి ద్వారా ఎండోస్కోప్ పంపి, జీర్ణాశయ గోడకు రంధ్రం చేసి, అపెండిక్స్ తీసిన సంగతి వెల్లడించారు. మనుషుల్లో ఇలా చేయడం అదే మొదలు. ఊబకాయానికి చేసింది కాకపోయినా, లోపలి నుంచి చేసిన రంధ్రాన్ని లోపలి నుంచే గట్టిగా మూయాలన్న అవసరాన్ని ఇలాంటి ప్రయత్నాలు ముందుకు తెచ్చాయి. ఎండోస్కోప్ కొసన అమర్చే సూది, దారం పరికరాలు మెరుగుపడ్డాక వాటితోనే జీర్ణాశయాన్ని మడతలు పెట్టి కుట్టేసే ఎండోస్కోపిక్ స్లీవ్ రూపుదిద్దుకుంది. ఇందులో దేన్నీ కోసి తీయరు. 2022లో లాన్సెట్ ప్రచురించిన మెరిట్ అధ్యయనంలో ఈ చికిత్స పొందినవారు ఏడాదికి సగటున 13.6 శాతం బరువు తగ్గారు. అసలు స్లీవ్, బైపాస్‌లతో తగ్గే బరువు ఇంతకన్నా ఎక్కువ.

గాయం చిన్నదైనా జాగ్రత్త చిన్నది కాదు. స్లీవ్, బైపాస్ తర్వాత మొదట ద్రవాలు, ఆపై మెత్తని తిండి, చాలినంత ప్రొటీన్ తీసుకోవాలి. ఐరన్, బి12 పరీక్షలు ఏళ్ల తరబడి కొనసాగాలి. వీటికోసం మాచర్ల నుంచి ప్రతిసారీ హైదరాబాదు వెళ్లాల్సిన పని లేకుండా, దగ్గరి ఆసుపత్రిలోనే జరిగే ఏర్పాటు ముందే చేసుకోవడం మంచిది.

ఖర్చు దగ్గర మరో చిక్కుంది. భారతీయులకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువును లెక్కించే సూచిక) 37.5 దాటితే, షుగరు వంటి జబ్బులుంటే 32.5 దాటితే ఆపరేషన్ ఆలోచించవచ్చని 2009లోనే మన వైద్య నిపుణులు సూచించారు. ఆరోగ్య బీమా నిబంధనల్లో మాత్రం ఆ గీత 40, తీవ్రమైన జబ్బులుంటే 35. అంటే అలాంటి జబ్బులు లేని 160 సెంటీమీటర్ల మనిషికి 96 కిలోల దగ్గరే డాక్టరు ఆపరేషన్ గురించి మాట్లాడవచ్చు, బీమా దక్కాలంటే 102 కిలోలు దాటాలి. బీమా సంస్థలు ఈ గీతను మన ఒంటితీరుకు తగ్గట్టు సవరించాలి.