లంబాపూర్–పెద్దగట్టు యురేనియం వ్యతిరేక ఉద్యమం

నల్గొండ జిల్లా దేవరకొండ ప్రాంతంలో, నాగార్జునసాగర్ జలాశయం చేరువలో తలపెట్టిన యురేనియం గనులకూ, శుద్ధి కర్మాగారానికీ వ్యతిరేకంగా 2000 తర్వాతి తొలి ఏళ్లలో సాగిన ప్రజాందోళన ఇది. ప్రతిపాదన అణుశక్తి విభాగం కిందనున్న యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (యూసిల్)ది. లంబాపూర్‌లో ఓపెన్‌కాస్ట్ గని, పెద్దగట్టులో భూగర్భ గనులు, మల్లాపురంలో కర్మాగారం కట్టాలన్నది మొదటి ఆలోచన. చుట్టుపక్కల ఉన్నవి ఎక్కువగా లంబాడీ తండాలు.

గని కంటే గని వదిలే వ్యర్థమే అసలు పేచీ. ఇక్కడి ముడిఖనిజం టన్నుకు దక్కే యురేనియం ఏ కిలోనో మాత్రమే. ఖనిజాన్నంతా పిండిగా నూరి, రసాయనాల్లో నానబెట్టి, యురేనియం తీశాక మిగిలినదాన్ని బురదగా వ్యర్థాల చెరువు (టెయిలింగ్ పాండ్)లోకి వదలాల్సిందే. మొదటి ఖనిజంలోని రేడియోధార్మికతలో సుమారు 85 శాతం ఆ బురదలోనే మిగిలిపోతుంది. అందులోని రేడియం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. ఆ చెరువు కట్ట తెగితే ఏమవుతుందో 1979 జులై 16న అమెరికాలోని చర్చ్ రాక్‌లో తేలింది. సుమారు 35 కోట్ల లీటర్ల కలుషిత జలం ప్యూర్కో నదిలో కలిసి, నవహో పశుకాపరుల ఊళ్ల మీదుగా పారింది. అదే ఏడాది త్రీ మైల్ ఐలండ్ అణు కేంద్రంలో జరిగిన ప్రమాదం లోకమంతా మార్మోగినా, దీన్ని పట్టించుకున్నవారు తక్కువ.

ఇక్కడ ఆ నది కృష్ణ. సాగర్ నుంచి విడిచిన నీరు ప్రకాశం బ్యారేజీకి చేరి, బందరు కాలువలో మళ్లి, తరకటూరు చెరువులో నిలిచి మచిలీపట్నానికి తాగునీరవుతుంది. సముద్రం అంచున ఉన్న గిలకలదిండి లాంటి చోట భూగర్భజలం ఉప్పన, కాలువ నీరే ఆధారం. ఎగువన హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లిచ్చే అక్కంపల్లి రిజర్వాయరు మల్లాపురానికి దగ్గరే. పర్యావరణ ప్రభావ అధ్యయనం మాత్రం ఆనవాయితీగా 10 కిలోమీటర్ల వలయం గీసి, లోపలివారినే స్థానికులుగా లెక్కిస్తుంది. నీళ్ల విషయంలో ఈ కొలత పనికిరాదు. కాలువ శివారు రైతు ఆ వలయానికి ఎంతో దూరం, ఆ నీటికి మాత్రం దగ్గర.

సాగర్ దగ్గర అణు వివాదం అప్పటికే పాతది. 1980లలో అక్కడ అణు విద్యుత్ కేంద్రం కట్టాలన్న ఆలోచన వ్యతిరేకత మధ్య ఆగిపోయింది. ఆ ఆందోళనలో ముందున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు కె. పురుషోత్తమ రెడ్డి యురేనియం పోరాటంలోనూ నిలిచారు. 2003 ఆగస్టు 19న పెద్దగట్టులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ప్రతిపాదనకు తీవ్ర వ్యతిరేకత ఎదురైంది. జార్ఖండ్‌లో యూసిల్ 1960ల నుంచి నడుపుతున్న జాదుగూడ గనుల చుట్టూ ఆదివాసులు చెప్పుకుంటున్న జబ్బులే ఇక్కడివారి భయానికి ఆధారం. ఆ జబ్బులకు రేడియేషన్ కారణం కాదని సంస్థ వాదన. తర్వాత కర్మాగారం ప్రతిపాదనను జలాశయానికి దూరంగా శేరిపల్లికి మార్చారు. 2005 మార్చిలో అక్కడ జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలోనూ జనం ఒప్పుకోలేదు. తర్వాత కేంద్ర పర్యావరణ అనుమతి దొరికినా తవ్వకం మొదలు కాలేదు.

ఈ యురేనియం విద్యుత్తు కోసమేనని అధికారులు చెప్పినా, అణ్వాయుధాల ప్రశ్న పక్కకు పోదు. 2008 భారత్–అమెరికా అణు ఒప్పందం తర్వాత విదేశీ యురేనియంతో నడిచే రియాక్టర్లు అంతర్జాతీయ తనిఖీల కిందికి వచ్చాయి. దేశంలో తవ్విన ఖనిజానికి ఆ పట్టింపు లేదు, దాన్ని సైనిక అవసరానికీ మళ్లించుకోవచ్చు. ఆయుధ స్థావరాల చుట్టూ ఉండే గోప్యత గని గట్టు దాకా పాకడానికి ఇదొక కారణం.

నల్గొండలో ఆగిన పని కడప జిల్లా తుమ్మలపల్లెలో సాగింది. 2007లో శంకుస్థాపన చేశారు, కొన్నేళ్లకు ఉత్పత్తి మొదలైంది. టెయిలింగ్ పాండ్ చుట్టుపక్కల రైతులు బోరు నీళ్లు పాడయ్యాయనీ, అరటి తోటలు ఎండిపోతున్నాయనీ మొరపెట్టుకున్నారు. 2018లో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి యూసిల్‌కు నోటీసు ఇచ్చింది. మరుసటి ఏడాది తెలంగాణలోని నల్లమల అడవుల్లో ఉన్న అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణకు కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకోవడంతో అక్కడా ఆందోళన రేగింది. తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబర్‌లో నల్లమల యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది.