కొరివికారమూ, చైనావారి చిక్కుడుకారమూ

బళ్ళారి జిల్లా చరిత్ర వ్రాసినవారు ఎందరో ఉన్నారు. ఇక్కడి తెలుగు ఇండ్లలోని ఊరగాయ జాడీ చరిత్ర మాత్రం మాకు ఎక్కడా కనబడలేదు. మేము చదివినది మెట్రిక్యులేషన్, చేయునది రైల్వే గుమాస్తా పని. పండితులము కాము. అయినను ఈ మధ్య మా ఇండ్లలో పిల్లలు చైనా వంటలు చేయబూని, 'డౌబాన్‌జియాంగ్' అను కారపు ముద్ద కావలెనని పట్టుబట్టుటచే, దానికి బదులు ఏమి వేయవచ్చునో ఆలోచింపవలసి వచ్చినది. ఆ ఆలోచన మమ్మల్ని చాలా దూరం తీసుకొని పోయినది.

మిరపకాయ మనదీ కాదు, చైనావారిదీ కాదు. అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసువారి ఓడల మీద 16వ శతాబ్దిలో మన తీరానికి చేరినది. అంతకు ముందు మనవారి కారమంతా మిరియమే. కన్నడిగులు మిరియానికి ఉన్న 'మెణసు' అను పేరునే కొత్త కాయకు తగిలించి 'మెణసినకాయి' అన్నారు. చైనావారూ అదే పని చేసినారు. తమ పాత ఘాటు దినుసు పేరు 'జియావ్'ను దీనికి పెట్టినారు. అక్కడి గ్రంథములలో ఇది మొదట కనబడునది 1591లో, 'పరదేశపు జియావ్' అను పేరుతో.

సిచువాన్ రాష్ట్రంలో చెంగ్డూ నగరం పక్కన పీషియన్ అను ప్రాంతం ఉన్నది. చిక్కుడుకారానికి అదే పేరు పొందిన చోటు. 17వ శతాబ్ది చివర ఫూజియన్ నుండి వలస వచ్చుచున్న చెన్ అను ఇంటిపేరు గల ఒకాయన చిక్కుడు గింజలు దారిలో వానకు తడిసి బూజు పట్టినవనీ, పారవేయ మనసొప్పక ఎండబెట్టి మిరపకాయలతో తిన్నాడనీ అక్కడివారు చెప్పుకొందురు. ఇది కథయే కావచ్చును. కాని ఆ కాలమున యుద్ధములతో పాడుబడిన సిచువాన్‌కు ఇతర రాష్ట్రముల నుండి జనం తండోపతండాలుగా తరలి వచ్చిన మాట చరిత్ర. వలసవాని మూటలో పుట్టిన పదార్థమని విన్నప్పుడు మాకు దాని మీద ఎక్కడ లేని అభిమానం కలిగినది.

మన కథ కూడా అటువంటిదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయినవి. బళ్ళారితో కూడ ఏడు తాలూకాలు మైసూరులో కలిసినవి. బళ్ళారి రాఘవ, ధర్మవరం రామకృష్ణమాచార్యులవంటివారు తెలుగు నాటకాలాడిన ఊరు సరిహద్దుకు అవతల పడినది. ఆ ఏడే తుంగభద్ర నీరు కాలువలకెక్కినది. అంతట గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు జొన్న, పత్తి పండే మెట్టభూములు కొని వరి వేయుటకు వచ్చినారు. వారు దిగిన చోట్లకు 'క్యాంపు' అని పేరు. సిరుగుప్ప, గంగావతి, సింధనూరు తాలూకాలలో నేటికీ ఆ ఊళ్ళు క్యాంపులే.

వచ్చినవారి బండ్లలో రోళ్ళు ఉన్నవి, జాడీలు ఉన్నవి. గుంటూరు మిరపకాయ మాత్రం లేదు. కొరివికారం అనగా పండు మిరపకాయలను ఉప్పు, చింతపండుతో రోటిలో దంచి జాడీకెత్తి, మూడవనాడు మెంతిపిండి కలిపి మళ్ళీ నూరినది. కిలో కాయలకు పావుకిలో లోపు ఉప్పు, రమారమి అంతే చింతపండు. ఇక్కడి కాయ బ్యాడగి రకం: ముడతలు పడి ఎర్రగా నిగనిగలాడును గాని కారం తక్కువ. మా మామ్మ దానిని చూచి "రంగే గాని రోషం లేదు" అనేది. వెల్లుల్లి ఎక్కువ వేసి, ఆవపిండి కలిపి, ఎవరైనా గుంటూరు పోతే ఎండుమిరపకాయలు తెప్పించి కలిపి, పడరాని పాట్లు పడినారు. ఇంతలో పక్కింటి కన్నడ అమ్మగారు తమ 'రంజక' తెచ్చి ఇచ్చినారు. అది కూడా పండుమిరప ముద్దయే; చింతపండుకు మారు నిమ్మరసం. మా మామ్మ మొదట మూతి ముడిచినను, తరువాత మా జాడీలోనూ నిమ్మకాయ పడినది. ఇప్పుడు మా ఇంటి కారం గుంటూరు చుట్టాలకు రుచించదు. అది వారి దురదృష్టమని మా అభిప్రాయం.

ఇక చైనా ముద్ద సంగతి. పెద్ద చిక్కుడు గింజలకు ఒక మంచి రకపు బూజును పట్టించి, ఉప్పునీట నెలల తరబడి ఊరవేసి, ఉప్పు మిరపకాయలతో కలిపి, పగలు ఎండలో తిరగవేయుచు, రాత్రి మంచుకు వదలి, వానకు మూత వేసి, ఏడాది మొదలు మూడేండ్ల వరకు మాగబెట్టుదురు. ఆ బూజు గింజలోని మాంసకృత్తులను విరుగగొట్టుటచే లోతైన రుచి వచ్చును. ఈ పద్ధతిని 2008లో చైనా ప్రభుత్వం జాతీయ వారసత్వపు పట్టికలో చేర్చినది. మన జాడీలో బూజు కనబడెనా, పెరట్లో గొయ్యి త్రవ్వవలసినదే. కనుక సోదరీమణులు ఇంట శనగలకో అనుములకో బూజు పట్టించి చూడవద్దని మనవి. ఏ బూజు పట్టునో మనకు తెలియదు, కొన్ని బూజులు విషము.

బదులు చేయదలచినచో మేము చూచిన మార్గమిది. అనుములు మెత్తగా ఉడికించి, బరకగా నూరి, అంతకు రెట్టింపు పాత కొరివికారం చేర్చి, నూనెలో సన్నసెగ మీద నూనె ఎర్రగా తేలు వరకు వేయించవలెను. పిసరంత బెల్లం. మెంతులు వేయని కారమైతేనే నయం. చిత్రమేమనగా పీషియన్‌లో వాడు 'ఎర్‌జింగ్‌టియావ్' మిరప కూడా రంగు, వాసన ఎక్కువై కారం మితంగా గల కాయ. అనగా మా మామ్మ ఈసడించిన బ్యాడగి కాయయే దీనికి దగ్గర చుట్టం. రెండు పాళ్ళు బ్యాడగి, ఒక పాలు గుంటూరు వేసినచో సరిపోవును. అసలు దానితో సమానమని మేము అనము. మాగిన చిక్కుడు రుచి రాదు. కాని పిల్లలు గిన్నె ఖాళీ చేసినారు. బండి మీది గోబీ మంచూరియా ఎరుపు కంటె ఇది మేలు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం ఆ కృత్రిమ రంగులను నిషేధించవలసి వచ్చినది గదా.

ఇప్పుడు క్యాంపులలో పండిన మిరప ఎండి లారీలకెక్కి, హుబ్బళ్ళి–హరిహర రైలుమార్గంలోని బ్యాడగి సంతకు పోవుచున్నది. పచ్చడికి పండుకాయ కావలెనన్నచో కోతకు ముందే రైతుకు చెప్పి ఉంచుకొనవలెను. మా వీధిలో రోలు ఉన్న ఇండ్లు రెండే మిగిలినవి, జాడీ పెట్టునది ఒక్క ఇల్లు. మాఘంలో ఆ ఇంటివారు పది కిలోల కాయలు తెచ్చినప్పుడు ఈ ఏడు మేమూ పోయి తొడిమలు తీసినాము.