పచ్చిపాలలో వేడిని తట్టుకునే సిద్ధబీజాల గుర్తింపు

మరిగించినా చావని బాక్టీరియా పచ్చిపాలలో సిద్ధబీజాల రూపంలో ఉంటుంది. డెయిరీ ప్రయోగశాలల్లో వీటిని స్పోర్లు అంటారు. 1877లో జాన్ టిండాల్ ఎండుగడ్డి కషాయాన్ని ఎంత కాచినా మళ్లీ చెడిపోవడం చూసి, మధ్యలో వ్యవధి ఇస్తూ విడతలుగా కాచే పద్ధతి కనిపెట్టింది వీటి వల్లే.

గుజరాత్‌లో సూరత్, తాపి జిల్లాల పల్లెల నుంచి పాలు సేకరించే సుముల్ వంటి సహకార డెయిరీలకు ఇది నిత్య సమస్య. మట్టి, పేడ, పాతర గడ్డి అంటిన పొదుగు నుంచి స్పోర్లు పాలలోకి చేరతాయి. చల్లబరిస్తే చాలావరకు పెరగవు, అంతే, నశించవు. 72 డిగ్రీల పాశ్చరీకరణ వాటికి లెక్కే కాదు. బాసిల్లస్ సీరియస్ రకాలు కొన్ని ఫ్రిజ్‌లోనూ పెరిగి, పాలు పులవకుండానే విరిగేలా చేస్తాయి. 1996లో పేరు పెట్టిన బాసిల్లస్ స్పోరోథర్మోడ్యురాన్స్ అయితే అత్యధిక వేడిలో శుద్ధిచేసి, నెలల తరబడి నిల్వ ఉండాల్సిన యూహెచ్‌టీ పాలలోనే బయటపడింది.

పాల కేంద్రాల్లో వాడే మిథిలీన్ బ్లూ పరీక్ష ఇక్కడ పనికిరాదు. అది బతికి మెసలుతున్న సూక్ష్మజీవులనే చూస్తుంది; స్పోరు నిద్రలో ఉంటుంది. అందుకే పాలను 80 డిగ్రీల వద్ద 10 నిమిషాలు వేడిచేసి మామూలు బాక్టీరియాను చంపి, చల్లార్చి, అగార్ అనే పోషక జెల్లీపై పోస్తారు. 30 డిగ్రీల వద్ద ఒక రకం, 55 డిగ్రీల వద్ద మరో రకం మొలుస్తాయి. మొండి స్పోర్ల కోసం 100 డిగ్రీల వద్ద 30 నిమిషాలు ఉంచుతారు. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా పాలు ప్యాకెట్లయి ఇళ్లకు చేరిపోతాయి.

ఆలస్యం ఒక్కటే ఇబ్బంది కాదు. 10 మిల్లీలీటర్లకు ఒక్క స్పోరున్నా 10 వేల లీటర్ల ట్యాంకరులో 10 లక్షలుంటాయి. ఒక మిల్లీలీటరు నమూనాలో మాత్రం చాలాసార్లు ఒక్కటీ దొరకదు.

త్వరిత పరీక్షల్లో ఒకటి స్పోరులోని డైపికోలినిక్ ఆమ్లాన్ని పడుతుంది. టెర్బియంతో కలిస్తే అది అతినీల కాంతిలో పచ్చగా మెరుస్తుంది. డీఎన్‌ఏను పట్టే పీసీఆర్ పరీక్ష జాతిని చెబుతుంది కానీ చచ్చినదాన్నీ లెక్కిస్తుంది. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ స్పోర్లు మొలిచే గుణాన్ని తిప్పి వాడుకుంది: అవి మొలవకపోవడాన్ని బట్టి పాలలో యాంటీబయాటిక్ అవశేషాలను పట్టే పరీక్ష తయారుచేసింది.

స్పోర్లు ఎక్కువున్న పాలను పొడికీ యూహెచ్‌టీకీ కాక పెరుగుకు మళ్లించడం మేలు. ఆ పులుపులో అవి పెరగలేవు.