పదిమంది బట్టీలో పుట్టిన పూస



మా బడికి వచ్చే పిల్లల్లో ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడేవాళ్లే ఎక్కువ. ఒకసారి తరగతిలో ఒక చిన్నపిల్ల మెడలో దిష్టికి కట్టిన దండ తెగి, పూసలు నేలంతా దొర్లాయి. ఏరుతున్నవాళ్లలో ఒకరు నల్లపూసలన్నారు, ఇంకొకరు కరిమణి అన్నారు. తమిళనాడు వైపు ఇదే కరుకమణి. మహారాష్ట్రలో కాళే మణి. నాలుగు పేర్లకూ అర్థం ఒకటే. ఏరడం అయ్యాక ఒక పిల్లవాడు పూసను వెలుతురుకెత్తి చూసి, "సార్, ఆవగింజంత దానికి బెజ్జం ఎలా పొడుస్తారు?" అని అడిగాడు. ఆ రోజు మాట దాటేసి పాఠం మొదలుపెట్టాను. ఈ పూట చెప్పబోయేది ఆ జవాబు.

ఇలాంటి గాజుపూసకు మామూలుగా బెజ్జం పొడవరు. ముందు బెజ్జం ఏర్పడుతుంది, దాని చుట్టూ పూస తయారవుతుంది. ఇందుకు ముఖ్యంగా రెండు దారులున్నాయి.

మొదటిది దీపం దారి. నూనె దీపపు మంటలోకి తిత్తితో గాలి కొడితే మంట సూదిలా సాగి వేడి పెరుగుతుంది. ఆ సెగలో గాజు కడ్డీ కొస మెత్తబడుతుంది. మెత్తబడ్డ గాజును, మట్టి పూసిన ఇనుప తీగ చుట్టూ తిప్పుతూ చుట్టబెడతారు. చల్లారాక తీగను లాగేస్తే, తీగ ఉన్న చోటు బెజ్జంగా మిగులుతుంది. ఆ మట్టి పూత లేకపోతే గాజు తీగనే కరుచుకుని కూర్చుంటుంది. పని అయిన పూసను వెంటనే గాలికి వదలకూడదు, పగులుతుంది. బూడిదలో పూడ్చి నెమ్మదిగా చల్లారనివ్వాలి. ఇంతకీ ఈ పనికి కావలసింది ఒక బల్ల, ఒక దీపం, కాలితో తొక్కే తిత్తి. ఇంటి వసారాలో ఒక మూల చాలు. మనిషి ఒక్కడైనా చాలు. అయితే పూసలు ఒక్కొక్కటిగానే వస్తాయి.

ఇటలీలోని వెనిస్ నగరం ఈ రెండు రకాల పనికీ పేరుపొందింది. 1291లో అక్కడి ప్రభుత్వం నిప్పు భయంతో గాజు బట్టీలను నగరం నుంచి పక్కనున్న మురానో దీవికి తరలించింది. దీపం పనికి మాత్రం ఇళ్లలో చోటు దొరికింది. తర్వాతి శతాబ్దాల్లో ఆడవాళ్లు ఇంట్లోనే దీపం ముందు కూర్చుని పూసలు చుట్టేవారు. పూసలు గుచ్చే ఆడవాళ్లు సందుల్లో కుర్చీలు వేసుకుని, కబుర్లు చెప్పుకుంటూ గుంపుగా పని చేసేవారు. దీపం ఇంట్లోకి రాగలిగింది, బట్టీ రాలేకపోయింది.

రెండో దారి బట్టీ దారి. దీని కోసం వెనిస్ దాకా పోనక్కర్లేదు. రేణిగుంట నుంచి శ్రీకాళహస్తి పోయే వైపు, ఏర్పేడు మండలంలో పాపానాయుడుపేట అనే ఊరుంది. ఒకప్పుడు చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. 1980లలో మరియాన్ స్టెర్న్, పీటర్ ఫ్రాన్సిస్ వంటి పరిశోధకులు ఈ ఊరి పూసల పని మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టారు. 1987లో స్టెర్న్ రాసిన వ్యాసానికి పేరే 'పాపానాయుడుపేట రహస్యం'.

ఆ రహస్యం ఇదీ. కట్టెలతో మండే మట్టి బట్టీలో గాజు కరుగుతుంది. పొడవైన బోలు ఇనుప గొట్టం కొసకు ఆ గాజును ముద్దముద్దగా ఎక్కిస్తారు. అలా ఎక్కించిన గాజు పదుల కిలోలుంటుంది. ఆ ముద్దను దొర్లించి శంకువులా తీరుస్తారు. గొట్టం లోపలి నుంచి ఒక ఇనుప కడ్డీని పోనిచ్చి, ముద్ద మధ్యలో బోలు చేస్తారు. తర్వాత దాన్ని మళ్లీ బట్టీ సెగకు పెడతారు. ఒకరు వెనక నిలబడి ఆ బరువును ఆపకుండా తిప్పుతుంటారు. అవతలి వైపు కూర్చున్న పనితనం గల పెద్దమనిషి శంకువు మొనను కొక్కెంతో అందుకుని లాగడం మొదలుపెడతాడు. చెయ్యి మార్చి చెయ్యి లాగుతుంటే, బావిలోంచి చేద తాడు వచ్చినట్టు, సన్నటి గాజు గొట్టం సాగి వస్తూనే ఉంటుంది. లోపలి బోలు కూడా దానితోపాటే సాగుతుంది. మా పిల్లవాడు అడిగిన బెజ్జం అదే! గంటల తరబడి సాగే ఈ లాగుడులో చేతి వేగం తగ్గితే గొట్టం లావెక్కుతుంది, పెరిగితే తెగుతుంది. కొలబద్ద ఏదీ లేదు, ఉన్నదల్లా చేతి అలవాటే.

చల్లారిన గొట్టాలను పూసలంత ముక్కలుగా కొడతారు. అంచులు పదునుగా ఉంటాయి గనుక వాటిని బూడిదతో కలిపి మళ్లీ వేడి చేస్తూ కలియబెడతారు. అంచులు కరిగి గుండ్రనవుతాయి. బూడిద బెజ్జాలు మూసుకుపోకుండా చూస్తుంది, ఒకదానికొకటి అతుక్కోకుండానూ చూస్తుంది. వంటింట్లో మనం పారబోసే బూడిదకు ఇంత పనుందని నేను చదివేదాకా ఎరగను. ఆ తర్వాత జల్లించడం, గుచ్చడం. గుచ్చే పని ఆడవాళ్లది.

ఇప్పుడు లెక్క చూడండి. కట్టెలు వేసేవాడు, గాజు ఎక్కించేవాడు, తిప్పేవాడు, లాగేవాడు, ముక్కలు కొట్టేవాళ్లు, గుచ్చేవాళ్లు. వీరిలో ఒక్కరు రాకపోయినా ఆ రోజు పూస లేదు. దీపం పనివాడు ఊరు మారితే తిత్తిని మూటగట్టుకుని పోవచ్చు. బట్టీ పనివాడు ఒంటరిగా ఊరు మారితే, చేతిలో పని ఉండీ పనిలేనివాడవుతాడు. పదిమంది ఒకచోట ఉన్నంతకాలమే ఈ విద్య బతుకుతుంది.

అలా ఎంతకాలం బతికిందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. పుదుచ్చేరి దగ్గర అరియాంకుప్పం నది ఒడ్డున అరికమేడు ఉంది. 1937లో జూవో దుబ్రెయ్ అనే ఫ్రెంచి పండితుడు అక్కడి పిల్లల దగ్గర పాత రాళ్లు కొన్నాడు. 1945లో మార్టిమర్ వీలర్, ఆ తర్వాత కజాల్, 1989 నుంచి 1992 దాకా విమలా బేగ్లీ అక్కడ తవ్వకాలు జరిపించారు. వీలర్‌ను ఆకర్షించింది రోమ్ నుంచి వచ్చిన మట్టిపాత్రలు. కానీ అదే నేలలో గాజుపూసలు, వాటితోపాటు పనికిరాక పారేసిన గాజు గొట్టపు ముక్కలు ఉన్నాయి. క్రీస్తుకు పూర్వమే మొదలైన పని అది. ఆ ముక్కలు ఎలా పుట్టాయో తెలుసుకోవడానికి పాపానాయుడుపేట బట్టీ తోడ్పడింది. బతికున్నవాళ్ల చేతులు చూసి, రెండు వేల ఏళ్ల కిందటి చెత్తను చదవగలిగారు.

ఈ జాతి పూసలకు ఫ్రాన్సిస్ ఇండో పసిఫిక్ పూసలని పేరు పెట్టాడు. శ్రీలంక, థాయిలాండ్, వియత్నాం దేశాల్లోనూ వీటిని చేశారు. ఆఫ్రికా తూర్పు తీరం నుంచి కొరియా దాకా ఇవి దొరుకుతాయి. కొరియాలో 523లో మరణించిన మురియోంగ్ రాజు సమాధిని 1971లో తెరిచినప్పుడు లోపల వేలకొద్దీ గాజుపూసలు కనిపించాయి. తిమోరు దీవిలో ఇటుక రంగు పూసను ముటిసలా అంటారు, తరతరాలుగా ఇంట్లో దాచుకుంటారు. ఆ ఎరుపు రాగి వల్ల వస్తుంది, అదీ బట్టీలో గాలి తగ్గించి కాల్చినప్పుడే. గాలి ఎక్కువైతే అదే రాగి పచ్చదనానికో నీలానికో తిరుగుతుంది.

ఇంత దూరం పోయిన వస్తువు మన గుమ్మంలోకి మాత్రం పూసలవాళ్ల బుట్టలో, సూదులూ దువ్వెనల పక్కన వచ్చేది. పందొమ్మిదో శతాబ్దంలో వెనిస్, బొహీమియా పూసలు కూడా మన రేవుల్లో దిగి అదే బుట్టలో చేరాయి. కొనే తల్లికి ఏది ఎక్కడిదో చెప్పేవారు లేరు. మన భాషలోనేమో గాజు అంటే చేతి గాజూ అదే, అద్దపు గాజూ అదే. వస్తువుకూ పదార్థానికీ ఒకే మాట పెట్టుకున్నవాళ్లం, తయారుచేసేవాళ్ల మాటలను పట్టించుకోలేదు.

ఆ బోలు గొట్టాన్ని 'లాడ' అంటారని పరిశోధకులు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నారు. లోపల దూర్చే కడ్డీకి వాళ్లు రాసిన పేరు చదివితే తెలుగు మాటలా వినిపించదు. ఏ చెవి గుండా వెళ్లి అలా మారిందో! కొక్కేనికి, బూడిద మూకుడుకు, జల్లెడకు, సరిగా రాని పూసకు కూడా ఆ బట్టీ దగ్గర పేర్లుంటాయి. పని చేసే చోట పేరు లేని వస్తువు ఉండదు.

మన సరిహద్దు ఊళ్లకు పాపానాయుడుపేట నుంచి కోడళ్లుగా వచ్చినవాళ్లు, పని కోసం వచ్చి స్థిరపడినవాళ్లు ఈ మాటలు వింటూ ఉంటే, మీకు గుర్తున్న పేర్లను ఒక కార్డు మీద రాసి ఈ కేంద్రానికి పంపండి. తెలుగులో రాయడం రాకపోతే కన్నడ, తమిళ అక్షరాల్లో రాసినా సరే, ఇంట్లో పెద్దవాళ్లు చెబుతుంటే పిల్లల చేత రాయించినా సరే. నోట పలికినట్టే రాయండి. అక్షర దోషాలు దిద్దడం నా ఉద్యోగమే అయినా, ఈ కార్డుల మీద ఎర్ర సిరా పెట్టను.