‘అంటు’ నుంచి అంటువ్యాధికి: తెలుగులో ప్రజారోగ్య విద్య

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. ఆ ఫలితం ఆంగ్లంలో వెలువడింది. అటువంటి శాస్త్రజ్ఞానాన్ని తెలుగువారికి అందించడానికి 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. మండలి రచయితలలో ఒకరైన వైద్యుడు ఆచంట లక్ష్మీపతి ‘జీవశాస్త్రము’తోపాటు ‘అంటువ్యాధులు’ కూడా రచించాడు.

ఇక్కడ పరిశీలించవలసింది పరిభాష. తెలుగులో ‘అంటు’ స్పర్శకే కాక మైలకూ, అస్పృశ్యతకూ వర్తించిన మాట. సూక్ష్మజీవి సిద్ధాంతం ఆ మాటనే నిలుపుకొని, రోగకారణాన్ని మనిషి పుట్టుకలో గాక నీటిలో, ఈగలో, దోమలో చూపింది. ఆచారంలోని అంటు అంత త్వరగా తొలగలేదు. అయినా దానిని ప్రశ్నించే ఆధారం పాఠకునికి దొరికింది. కనుక ప్రజారోగ్య విద్య చరిత్రను ప్రభుత్వ దస్త్రాలలోనే కాక, ఈ పదం పొందిన అర్థపరిణామంలోనూ అన్వేషించాలి.